పీల్చు, నొక్కు, మండించు, తన్ను

ఆ అమ్మాయికి గది అద్దెకిద్దామన్నది నేనే. ఆ సంగతి తర్వాత నాన్న నాకు చాలాసార్లు గుర్తుచేశాడు.

అమ్మ పోయాక తార్నాకలోని మా ఫ్లాట్ బోసిపోయింది. నేను యూనివర్సిటీలో చరిత్ర చెబుతాను. పొద్దున వెళ్తే మళ్లీ సాయంత్రానికే ఇంటికి రావడం. నాన్న హైస్కూల్లో సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఆదివారం చర్చి, మిగతా రోజులు పేపరు, టీవీ, బాల్కనీ. మాట్లాడే మనిషి లేక ఆయన రోజురోజుకీ ముభావంగా తయారవుతున్నాడని నాకు బెంగ పట్టుకుంది. అందుకే, అమ్మ కుట్టుమిషను ఉండే వెనక గది ఖాళీ చేసి, క్యాంపస్‌లో చదువుకునే ఆడపిల్లకెవరికైనా ఇద్దామనుకున్నాను. డిపార్ట్‌మెంట్‌లో ఒకరిద్దరికి చెప్పి ఉంచాను.

వానాకాలం శనివారం ఒకటి. సన్నగా, పొడుగ్గా ఉన్న అమ్మాయి తడిసిన గొడుగు గుమ్మం బయటే పెట్టి లోపలికొచ్చింది. జనగామ దగ్గర పల్లె. వాళ్లది వ్యవసాయం. టెక్నాలజీ కాలేజీలో పీహెచ్‌డీ చేస్తోంది. నేను గది చూపించి, వంటిల్లు ఎప్పుడు వాడుకోవచ్చో, నీళ్లు ఎప్పుడొస్తాయో చెబుతున్నాను. ఇంతలో ఇంటి మీదుగా ఏదో విమానం వెళ్లింది. నాన్న కుర్చీలోంచి లేచి, చేతిలో కాఫీ గ్లాసుతోనే బాల్కనీలోకి పరిగెత్తాడు. మబ్బు పట్టి ఉంది కాబట్టి ఏమీ కనపడి ఉండదు. అయినా మెడ సాచి చూస్తూనే ఉన్నాడు.

"సార్‌కు విమానాలంటే ఇష్టమా మేడమ్?" అని అడిగింది ఆ అమ్మాయి.

"పిచ్చి," అన్నాను.

నాన్నకు వినపడింది. లోపలికొచ్చి, "నువ్వెప్పుడైనా ఎక్కావామ్మా విమానం?" అన్నాడు.

"ఎక్కలే సార్. బస్సు, రైలు గంతే. కానీ విమానంల పోసే నూనె మీదనే పని చేస్తున్న."

"ఏమన్నావు?"

"వాడి పారేసిన వంటనూనె ఉంటది కద సార్, బజ్జీలు ఏయించి నల్లగైంది. దాన్ని మార్చి విమానాల ఇంధనం చేస్తం. ఇంజన్ మార్చే పని లేదు. నూనె మారిస్తే సాలు."

నాన్న కాఫీ గ్లాసు టీపాయ్ మీద పెట్టి ఆ అమ్మాయి ఎదురుగా కూర్చున్నాడు. అమ్మ పోయాక ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. చాలా సంతోషం వేసింది నాకు. ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమేనని గట్టిగా చెప్పగలను. మిగతావన్నీ తర్వాత వచ్చాయి.

*

నా చిన్నప్పుడు మేం లాలాపేట్‌లో ఒక డాబా ఇంట్లో కింది వాటాలో అద్దెకుండేవాళ్లం. అప్పటికి విమానాలన్నీ బేగంపేటలోనే దిగేవి. తూర్పు నుంచి దిగే విమానం మా డాబా మీదుగా ఎంత కిందికి వచ్చేదంటే, చక్రాలు బయటికి రావడం కూడా కనిపించేది. అమ్మ ఆరేసిన చీరలు ఒక్కసారి అదిరిపోయేవి. సాయంత్రం బడి నుంచి రాగానే నాన్న చొక్కా విప్పి హ్యాంగర్‌కి తగిలించి, "రావే, డాబా మీదికి పోదాం," అనేవాడు. పైకెళ్లాక వెనక నుంచి అరచేత్తో నా కళ్లు మూసేవాడు. దూరంగా శబ్దం మొదలయ్యేది.

"పంకాలా, జెట్టా?"

"పంకాలు!"

"ఎన్ని ఇంజన్లు?"

నేను చెప్పేదాన్ని. ఎప్పుడో తప్ప తప్పయ్యేది కాదు. ముందు భాగంలో పంకాలు తిరిగే విమానానిది గొంతులో గరగర. జెట్‌ది సన్నని ఈల, దాని వెనకే గర్జన. బడిలో నాకెవరూ స్నేహితులు లేకపోయినా పెద్ద లోటుగా ఉండేది కాదు. నాన్న అరచేతిలో సుద్దముక్క వాసన, చెవి నిండా ఆ ఈల. నాకు అవే చాలు.

జెట్ ఇంజన్ ఎలా పనిచేస్తుందో నాకు ఒక పాటలా నేర్పాడాయన. పీల్చు, నొక్కు, మండించు, తన్ను. ముందు నుంచి గాలి పీల్చాలి, లోపల దాన్ని నొక్కిపెట్టాలి, అందులో ఇంధనం చల్లి మండించాలి, వెనక నుంచి వేడిగాలిని తన్నాలి. తన్నిన కొద్దీ విమానం ముందుకు పోతుంది. "పీల్చు" అన్నప్పుడు ఇద్దరం ఊపిరి లోపలికి లాగేవాళ్లం. "తన్ను" అన్నప్పుడు నేను నిజంగానే గాలిలోకి ఒక తన్ను తన్నేదాన్ని. ఒకసారి అలా తన్నితే నా చెప్పు పక్కింటి వాళ్ల తులసికోటలో పడింది.

ఇంటర్లో నేను లెక్కలు, ఫిజిక్సు తీసుకున్నాను. విమానాల ఇంజినీరునవుతానని ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చెప్పేదాన్ని. లెక్కల్లో తప్పాను. మళ్లీ రాసి మళ్లీ తప్పాను. చివరికి లెక్కలు వదిలేసి హిస్టరీ గ్రూపులో చేరతానన్నప్పుడు నాన్న ఒక్క మాట కూడా అనలేదు. "సరేనమ్మా," అన్నాడు, అంతే. ఆ తర్వాత మాత్రం నన్ను డాబా మీదికి పిలవడం మానేశాడు. ఒక్కడే వెళ్లేవాడు. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు వింటూ నేను కింద పుస్తకం ముందేసుకుని కూర్చునేదాన్ని. ఇంకొన్నాళ్లకు విమానాశ్రయం శంషాబాద్‌కు తరలిపోయింది. లాలాపేట్ మీద ఆకాశం నిశ్శబ్దమైపోయింది. మేం తార్నాకకు మారాం. ఇంట్లో ఇంజన్ల మాటే లేకుండా పోయింది.

*

ఆ అమ్మాయి వచ్చిన కొద్ది వారాలకే నన్ను "మేడమ్" అనడం మానేసి "అక్కా" అనసాగింది. ఎవరూ అనమని చెప్పలేదు. నాన్నను మాత్రం "సార్" అనే అనేది. ల్యాబ్ నుంచి రాగానే కాళ్లూచేతులూ కడుక్కుని నేరుగా నాన్న దగ్గరికే వెళ్లేది.

ఒక సాయంత్రం నేను తాళం తీసుకుని లోపలికి వచ్చేసరికి ఇద్దరూ హాల్లో ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. నాన్న చేతిలో అట్టముక్కతో చేసిన చక్రమేదో ఉంది. నాన్న అంటున్నాడు: "పీల్చు, నొక్కు, మండించు, తన్ను." ఆ అమ్మాయి నవ్వుతూ తిరిగి చెబుతోంది: "పీల్చు, నొక్కు, మండించు, తన్ను. గిదేదో మస్తున్నది సార్! మా క్లాసుల ఎవ్వలు గిట్ల చెప్పలే."

నేను చెప్పులు విప్పుతూ గుమ్మంలోనే ఆగిపోయాను.  ఎవరో నా బీరువా తీసి, నేను మడిచి దాచుకున్న చిన్నప్పటి గౌను తీసి తొడుక్కున్నట్టు అనిపించింది. నాన్న తల తిప్పి, "వచ్చావా, కాఫీ కలుపుకో, డికాషన్ ఉంది," అన్నాడు. మళ్లీ అట్టముక్క వైపు తిరిగాడు.

నేను వంటింట్లోకి వెళ్లి పాలగిన్నె గట్టిగా చప్పుడయ్యేలా పెట్టాను. ఎవరూ పట్టించుకోలేదు.

నాకు మంచి ఉద్యోగం ఉంది. నా క్లాసుకు పిల్లలు నిల్చుని మరీ వింటారు. నా వయసులో సగం కాకపోయినా చాలా చిన్నదైన ఒక పల్లెటూరి పిల్లను చూసి కుళ్లుకుంటున్నానని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆ పిల్ల అన్నం తినే తీరు నచ్చట్లేదనుకున్నాను. ఫోన్లో గట్టిగా మాట్లాడుతుందనుకున్నాను. బాత్రూములో బకెట్ బోర్లించదని నాన్నతో అన్నాను. "బకెట్‌దేముందే, నేను బోర్లిస్తాలే," అన్నాడాయన.

తర్వాత నూనె సేకరణ మొదలైంది. ల్యాబ్‌లో పరీక్షలకు రకరకాల వాడేసిన నూనె కావాలట. ఆ అమ్మాయి ప్లాస్టిక్ డబ్బాలు పట్టుకుని తార్నాకలో బజ్జీల బండ్లు, చిప్స్ దుకాణాలు, హాస్టల్ మెస్‌లు తిరిగేది. నాన్న కూడా వెంట వెళ్లడం మొదలుపెట్టాడు. ఒకరోజు కాలేజీ నుంచి వస్తుంటే మెట్రో స్టేషన్ కింద నాకే కనపడ్డారు. నాన్న టోపీ పెట్టుకుని నల్లటి నూనె డబ్బా మోస్తున్నాడు. బజ్జీల బండి ఆమె నవ్వుతూ అడుగుతోంది:

"గీ మాడిన నూనెతోని ఇమానం లేస్తదా బిడ్డా? మరి మా ఆయన స్కూటీల పోస్తే?"

"స్కూటీల పోయకు అక్కా, ఖరాబైతది. దీన్ని శానా మార్చాలె."

నాన్న పకపకా నవ్వుతున్నాడు. నేను పలకరించకుండా ఆటో ఎక్కి ఇంటికి వెళ్లిపోయాను. ఆయన వచ్చాక మాత్రం ఊరుకోలేకపోయాను.

"ఈమధ్య నాతో చర్చికి రమ్మంటే మెట్లెక్కలేనంటావు. మోకాలు నొప్పంటావు. నూనె డబ్బాలు మొయ్యడానికి నొప్పి లేదా?"

"బజ్జీల బండికి మెట్లుండవు కదే," అన్నాడు నాన్న అమాయకంగా. ఆ అమ్మాయి కిసుక్కున నవ్వింది. నేను నవ్వలేదు.

డిసెంబరులో ఒక పొద్దున తలస్నానానికి ముందు కొబ్బరినూనె సీసా కోసం వెతుకుతున్నాను. అది డైనింగ్ టేబుల్ మీద వాళ్లిద్దరి మధ్య ఉంది. చలికి నూనె తెల్లగా గడ్డకట్టి ఉంది. పక్కన అగ్గిపుల్లలు పరిచి ఉన్నాయి.

"జూడుండ్రి సార్. నూనె లోపల సన్నని గొలుసులుంటయి. అవి గీ అగ్గిపుల్లల లెక్క సక్కగ ఉంటే పక్కపక్కన సర్దుకుంటయి. చలి వెట్టంగనే గట్టిపడతయి. ఆకాశంల ఎంత చలి ఉంటది! గాడ ఇంధనం గిట్ల గడ్డకడితే ఇంజన్ ఆగిపోతది. అందుకే మేం గొలుసుల్ని వంచుతం." కొన్ని పుల్లల్ని మధ్యకు సగం విరిచి వంచి కుప్పగా పోసింది. "ఇప్పుడు సర్దుకోమనుండ్రి. సర్దుకోవు. గందుకే గడ్డకట్టదు."

నాన్న వంచిన పుల్ల ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. "ఇన్నేళ్లు పాఠాలు చెప్పానమ్మా. ఇంత సులువుగా చెప్పడం నాకు రాలేదు," అన్నాడు.

"మరి పొగ రాదా?" అన్నాను నేను, మధ్యలో. ఎలాగైనా ఆ పిల్ల తడబడాలని నాకుంది.

"వస్తది అక్కా," అంది తడబడకుండా. "మండినంక పొగ రాకుంట ఎట్లుంటది? కానీ గది భూమిల నుంచి కొత్తగ తోడింది కాదు. మొక్కలు గాలిలకెల్లి గుంజుకున్నదే మళ్ల గాలిలకు పోతది. పూర్తిగ మంచిదని నేను అనను. ఇప్పుడున్న దానికన్న నయం."

అంత నిజాయితీగా చెప్పేసరికి నాకు ఇంకా ఒళ్లు మండింది. గడ్డకట్టిన సీసా తీసుకుని ఎండలో పెట్టడానికి బాల్కనీలోకి వెళ్లాను.

*

జనవరిలో బేగంపేట పాత విమానాశ్రయంలో విమానాల ప్రదర్శన జరుగుతోందని పేపర్లో పడింది. మొదటి రెండు మూడు రోజులు కంపెనీల వాళ్లకు, చదువుకునే వాళ్లకు. శని, ఆదివారాలు జనానికి. నేను ఎవరికీ చెప్పకుండా శనివారానికి రెండు టికెట్లు కొన్నాను. ఒకటి నాకు, ఒకటి నాన్నకు. ఇన్నేళ్ల తర్వాత ఆయన పక్కన కూర్చుని ఆకాశంలోకి చూడాలనుకున్నాను. ఎప్పుడు చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. భోజనాలయ్యాక, ఆ అమ్మాయి తన గదిలోకి వెళ్లిపోయాక.

ఆరోజు ఆ అమ్మాయి భోజనాల దగ్గరే బ్యాగులోంచి మెడలో వేసుకునే పాస్ తీసి నాన్న ప్లేటు పక్కన పెట్టింది.

"మా డిపార్ట్‌మెంట్‌కు గాడ స్టాల్ ఇచ్చిండ్రు సార్. నాతోని ఇంకొకర్ని తోల్కపోవొచ్చు. శుక్రవారం. రష్ ఉండది, ఇంజన్ల దగ్గరికి పోయి ముట్టుకోవొచ్చు. వస్తరా?"

నాన్న ఎంగిలి చేయి తుడుచుకోకుండానే ఎడమచేత్తో ఆ పాస్ తీసుకున్నాడు. మెడలో వేసుకుని చూసుకున్నాడు. నా వంక తిరిగి, "ఎలా ఉంది?" అన్నాడు.

"బాగుంది," అన్నాను. నా టికెట్ల మాట ఎత్తలేదు.

శుక్రవారం సాయంత్రం ఆయన ఎండకు ముఖం కమిలి, గొంతు బొంగురుపోయి, మోకాలు వాచి ఇంటికొచ్చాడు. వేడినీళ్ల సంచి పెట్టించుకుంటూనే ఒకటే చెప్పడం. మనిషి నిలబడేంత ఇంజన్ ముందు నుంచున్నాడట. ఆ ఇంజన్‌ను సగానికి కోసి లోపలంతా చూపించారట. బ్లేడు మీద చేయి వేసి చూశాడట. "ఎంత నునుపో తెలుసా!" ఆయన చెబుతుంటే ఆ అమ్మాయి మధ్యలో అందుకుని పూర్తిచేసేది. ఇద్దరికీ ఒకే రోజు జ్ఞాపకం. అందులో నాకు చోటు లేదు. వేడినీళ్ల సంచి మార్చడం ఒక్కటే నా పని.

శనివారం పొద్దున నాన్న మంచం దిగలేకపోయాడు. కాలేజీలో పనుందని చెప్పి నేను ఒక్కదాన్నే బయల్దేరాను. తార్నాకలో మెట్రో ఎక్కాను. పెట్టె నిండా టోపీలు, బైనాక్యులర్లు, పిల్లలు. నా పక్కనున్న ఒకాయన తన కూతురికి ఏదో విమానం బొమ్మ ఫోన్లో చూపిస్తున్నాడు. నేను అటు చూడకుండా కిటికీలోంచి బయటికి చూశాను.

మైదానంలో నాకు దొరికిన కుర్చీ పక్కన రెండో కుర్చీ కూడా నాదే. దాని మీద బ్యాగు పెట్టాను. కాసేపటికి హెలికాప్టర్లు నాలుగు లేచి, ఒకదాన్నొకటి గీరుకుంటాయేమోనన్నంత దగ్గరగా దాటుకుంటూ పోయాయి. జనం కేకలు. తర్వాత ఒక చిన్న జెట్ వచ్చింది. ముందు విమానం దాటిపోయింది, వెనకాలే శబ్దం వచ్చి ఛాతీ మీద గుద్దింది. నేను కళ్లు మూసుకున్నాను. మొదట సన్నని ఈల. ఆ తర్వాత గర్జన. నేనేమీ మర్చిపోలేదు. ఒక్కటి కూడా. అది తెలిసి సంతోషం పొంగింది. చెప్పడానికి పక్కన బ్యాగు తప్ప ఎవరూ లేరు. నిన్న ఇదే చోట నాన్న వేరొకరికి చెప్పి ఉంటాడన్న ఆలోచన రాగానే ఆ సంతోషం కూడా చేదైపోయింది.

ఎండ ఎక్కువయ్యాక నీడ కోసం స్టాళ్లున్న పెద్ద హాల్లోకి వెళ్లాను. నాన్న చెప్పిన కోసిన ఇంజన్ అక్కడుంది. దాని చుట్టూ తిరుగుతూ పంకా దగ్గర వంగి, లోపలి వరసలన్నీ చూస్తున్నాను.

"అక్కా! మీరేంది గీడ?"

ఆ అమ్మాయే. పక్క వరసలోనే వాళ్ల స్టాల్. బల్ల మీద చిన్న గాజుసీసాల్లో నల్లనూనె దగ్గర నుంచి నీళ్లలా తేటగా ఉన్న ఇంధనం దాకా వరసగా పెట్టి ఉన్నాయి.

"ఊరికే. చూద్దామని," అన్నాను.

"మీకు గివంటే ఇష్టమా? సార్ ఎన్నడు చెప్పలే!"

"ఏమీ చెప్పలేదా? లాలాపేట్‌లో డాబా గురించి?"

"లేదక్కా. మీకు సైన్స్ అంటే పడదు అనుకున్న. మేం మాట్లాడుతుంటే మీరు లేచి పోతరు కద."

నేను ఆ కోసిన ఇంజన్ పక్కనే నిలబడిపోయాను. నాన్న ఆ పిల్లకు పాట నేర్పాడు. ఆ పాట ఎవరి కోసం కట్టాడో మాత్రం చెప్పలేదు. అందరి దగ్గరా నా పేరు ఎత్తుతుంటాడేమోనని మనసులో ఏ మూలో ఆశ ఉండేది కాబోలు. అదీ పోయింది.

ఆ అమ్మాయి నా ముఖం చూసిందో ఏమో, ఒక కుర్చీ లాగి, "కూసోండ్రి అక్కా, ముఖమంత ఎర్రగైంది," అని నీళ్ల సీసా ఇచ్చింది. తనూ పక్కన కూర్చుంది.

"ఒకటి చెప్తా, ఏమనుకోవద్దు. నిన్న సార్ గీ ఇంజన్ కాడ నిలబడి ఒక్కొక్కటి సమజయ్యేటట్టు చెప్తుంటే నాకు మీ మీద మస్తు కుళ్లొచ్చింది."

"నా మీదా?"

"మరి? చిన్నప్పటి సంది మీ ఇంట్ల గిట్ల చెప్పెటాయన ఉన్నడు. మా బాపు మంచోడే. కానీ నేనేం చదువుతున్ననో ఎరుక లేదు. ఊర్ల ఎవలన్న అడిగితే 'నూనె చదువు' అంటడు. నేను ఫోన్ల చెప్పబోతే, 'తిన్నవా బిడ్డా' అని అడిగి పెట్టేస్తడు. మీకేం అక్కా, మీరు అదృష్టవంతులు."

 నెలల తరబడి నేను లోలోపల ఉడికిపోతుంటే, అవతల గదిలో ఆ పిల్ల నన్ను చూసి అలాగే ఉడుకుతోందన్నమాట. నా సంగతి ఆమెకు చెప్పలేదు. నీళ్లు తాగి, "నీ సీసాలు చూపించు," అన్నాను. ఒక్కొక్కటీ ఎత్తి చూపించింది. చివరి సీసా వెలుతురులో పెట్టి చూస్తే, అది బజ్జీల బండి దగ్గర నుంచి వచ్చిందంటే నమ్మబుద్ధి కాలేదు.

*

ఇంటికి వెళ్లేసరికి నాన్న మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకుని ఉన్నాడు.

"కాలేజీలో పనైందా?"

"కాలేజీకి వెళ్లలేదు. బేగంపేట వెళ్లాను. విమానాలు చూడ్డానికి."

నాన్న లేచి కూర్చున్నాడు. "నువ్వా?"

"నేనే. రెండు టికెట్లు కొన్నాను. రెండోది నీకు."

"చెప్పలేదేమే?"

"నువ్వు పాస్ మెడలో వేసుకుని ఎలా ఉందని అడుగుతున్నావు. ఎప్పుడు చెప్పను?"  ఇక ఆపుకోలేకపోయాను. "ఆ పిల్లకు నా గురించి ఒక్క మాట కూడా చెప్పలేదట. లెక్కలు తప్పానని నన్ను డాబా మీదికి పిలవడం మానేశావు. మళ్లీ ఇప్పుడు, నా పాట కూడా..."

చెప్పలేక ఆగిపోయాను. ఆ వయసులో పాట కోసం ఏడవడం నాకే సిగ్గనిపించింది.

నాన్న మోకాలు రుద్దుకున్నాడు. "లెక్కలు తప్పావని కాదమ్మా," అన్నాడు. "రెండోసారి రిజల్టు వచ్చిన రోజు నేను డాబా మీదికి రమ్మన్నాను, గుర్తుందా? నువ్వు 'నాకు తలనొప్పిగా ఉంది' అని గోడ వైపు తిరిగి పడుకున్నావు. అప్పుడే విమానం పోయింది. నువ్వు దిండుతో చెవులు మూసుకున్నావు. నేను గుమ్మంలోంచి చూశాను. ఇంక దీని దగ్గర ఇంజన్ల మాటెత్తితే పుండు మీద కారం జల్లినట్టే అనుకున్నాను. ఆ పిల్లకైనా ఏం చెప్పను? నీ ముందు ఎప్పుడైనా నోరు జారి అనేస్తే నువ్వు బాధపడతావని."

దిండు సంగతి నాకు గుర్తులేదు. ఇప్పటికీ గుర్తు రాదు. కానీ నాన్న అబద్ధం చెప్పడు. మా మధ్య అన్నేళ్లు గడిచింది కోపంతో కాదని, ఒకరికొకరం నొప్పి తగలకూడదని తప్పుకు తిరిగామని అప్పుడు తెలిసింది.

"నాకు చెప్పాల్సింది," అన్నాడు మళ్లీ. "మోకాలు లెక్కచేయకుండా వచ్చేవాణ్ణి."

"పడుకో," అన్నాను. సంచిలో వేడినీళ్లు మార్చి తెచ్చాను. ఆ సాయంత్రం ఆయన అడుగుతూ పోయాడు, నేను చెబుతూ పోయాను. ఆ చిన్న జెట్ గురించి మళ్లీ మళ్లీ అడిగాడు.

*

అక్కడితో నా కుళ్లు పోయిందని చెప్పలేను. తగ్గింది. ఆకారం మారింది.

ఫిబ్రవరిలో క్యాంపస్‌లో ఆ అమ్మాయి ఇంధనాన్ని చిన్న టర్బైన్ ఇంజన్‌లో పోసి నడిపే రోజు వచ్చింది. వర్క్‌షాపు వెనక రేకుల షెడ్డు, మధ్యలో మందపాటి గోడ, గోడకు గాజు కిటికీ. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఎవరైనా ఒకరు తెర మీద ఉష్ణోగ్రత చూస్తూ పైకి చదవాలి. దానికి నాన్న వెళ్తానన్నాడు. వాళ్ల ప్రొఫెసరు కూడా సరేనన్నాడు. కానీ మోకాలు మళ్లీ వాచింది. డాక్టరు కదలొద్దన్నాడు.

"సార్ రాకపోతే అక్కా, మీరు రాండ్రి," అంది ఆ అమ్మాయి.

నాన్న ముఖం చూడాల్సింది. మాడిపోయింది. "అదేం చదువుతుంది, చరిత్ర మనిషి," అన్నాడు.

"అంకెలు చదవడం నాకొచ్చు," అన్నాను.

చెవులకు మూతలు పెట్టుకుని గాజు కిటికీ దగ్గర కూర్చున్నాను. ఇంజన్ ప్రెషర్ కుక్కరంత కూడా లేదు. మొదట మామూలు ఇంధనంతో మొదలుపెట్టారు. చెవులు మూసి ఉన్నా ఆ ఈల పళ్లలో తెలిసింది. కాస్త నిలకడగా నడిచాక ఆ అమ్మాయి వాల్వు తిప్పి తన ఇంధనం కలిసిన ట్యాంకుకు మార్చింది. నేను అంకెలు అరిచి చదువుతున్నాను. కొంచెం పెరిగింది. ఇంకొంచెం పెరిగింది. ఆ అమ్మాయి చేయి వచ్చి నా భుజాన్ని గట్టిగా పట్టుకుంది. అంకె ఆగింది. అక్కడే నిలబడింది. ఇంజన్ తన మానాన తాను ఈల వేస్తూనే ఉంది. ప్రొఫెసరు బొటనవేలు పైకెత్తాడు. ఆ అమ్మాయి నన్ను వాటేసుకుని ఎగిరింది. బజ్జీల వాసన వస్తుందేమోనని ఎదురుచూశాను. మామూలు కిరసనాయిల్ వాసనే వచ్చింది. జేబులో ఫోను ఆపకుండా వణుకుతోంది. నాన్నే.

ఇంటికెళ్లి జరిగిందంతా వరసగా చెప్పాను. నాన్న టీవీ వైపు చూస్తూ విన్నాడు. నేను ముగించాక, "ఏం చెప్పావో ఏమో. చరిత్ర పాఠంలా ఉంది," అన్నాడు. ఆ అమ్మాయి రాగానే తన గదిలోకి పిలిచి మళ్లీ మొదట్నుంచి చెప్పించుకున్నాడు. వంటింట్లో చపాతీలు ఒత్తుతూ అంతా విన్నాను. నేను చెప్పినదానికి ఆమె చెప్పినదానికి పెద్ద తేడా లేదు. కానీ ఆయన "ఆహా!" అన్నప్పుడల్లా కర్ర కొంచెం గట్టిగానే నొక్కాను.

తర్వాతి పరీక్షకు మళ్లీ నన్నే రమ్మన్నారు. ఆ పొద్దున నేను తయారై వచ్చేసరికి నాన్న బూట్లు వేసుకుని, టోపీ పెట్టుకుని, చేతికర్ర పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఏమీ అడగలేదు. ఊరికే నిలబడ్డాడు.

"ఆటో పిలుస్తాను," అన్నాను. "నాకు క్లాసుంది. నువ్వు వెళ్లు."

ఆయన్ను షెడ్డు దగ్గర దింపి, ఆ అమ్మాయికి అప్పగించి, నా డిపార్ట్‌మెంట్‌కు నడిచాను. పాఠం సగంలో ఉండగా చెట్ల మీదుగా, దూరం నుంచి, సన్నగా ఈల మొదలైంది. నా మాట ఆగిపోయింది. గాజు కిటికీకి ముక్కు ఆనించి అంకెలు అరుస్తున్న మనిషి కళ్ల ముందు కనిపించాడు. పక్కన భుజం మీద చేయి వేసి ఆ పిల్ల. అక్కడ ఉండాల్సింది నేను అనిపించింది. లేచి వెళ్లిపోదామా అని కూడా అనిపించింది.

ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయి, "మేడమ్, ఏంది ఆ సౌండ్?" అని అడిగింది.

"మా నాన్న," అన్నాను.

క్లాసంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెళ్లి కిటికీ రెక్క పూర్తిగా తెరిచి వచ్చి, ఆపిన చోటు నుంచి పాఠం మళ్లీ మొదలుపెట్టాను.